సింగపూర్ హెచ్‌డీబీ రీసేల్ ఫ్లాట్ – పీఆర్ మీద కొనుక్కుని ఉంటున్నవాళ్ళ రివ్యూ

సింగపూర్‌లో పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) వచ్చిన ప్రతి తెలుగింట్లో కొన్నాళ్ళకి మొదలయ్యే చర్చ ఒకటే, అద్దె కడుతూ ఉండిపోదామా, హెచ్‌డీబీ (ప్రభుత్వ హౌసింగ్ బోర్డు ఫ్లాట్) కొందామా, అప్పో సప్పో చేసి కాండోకి (ప్రైవేట్ అపార్ట్‌మెంట్‌కి) వెళ్దామా అని. మేం హెచ్‌డీబీ రీసేల్ (ముందున్న ఓనర్ అమ్మే ఫ్లాట్) కొన్నాం, సెంగ్‌కాంగ్‌లో ఫోర్ రూమ్. ఇక్కడ ఫోర్ రూమ్ అంటే మూడు బెడ్‌రూములే, హాలుని కూడా ఒక రూమ్ కింద లెక్కేస్తారు, కొత్తగా వచ్చినవాళ్ళు దీంతో కన్ఫ్యూజ్ అవుతుంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరడిగినా ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చా, ఈసారి మొత్తం ఒకచోట రాసేస్తున్నా, కొంచెం పొడుగే ఉంటుంది.

ముందే చెప్పేస్తా. ఉండటానికైతే నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి డీల్ ఈ ఊళ్ళో లేదు. కొని పెంచుకుని అమ్ముకుందాం అనే ఆలోచనతో అయితే దీని జోలికి రావద్దు, ఎందుకంటే ఆ ఆలోచన ఉన్నవాళ్ళని దూరంగా పెట్టడానికే ఇక్కడి రూల్స్ సగం రాశారు, నాకు నచ్చింది కూడా అదే.

ఫ్లాట్ సంగతి తర్వాత, ముందు అసలు ఇదెలా పుట్టిందో కొంచెం తెలియాలి, లేకపోతే రూల్స్ చూసి ఊరికే కోపం వస్తుంది. హెచ్‌డీబీ 1960 ఫిబ్రవరిలో మొదలైంది. దానికి ముందు బ్రిటిష్‌వాళ్ళ కాలంలో సింగపూర్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ అని ఒకటుండేది, అది 32 ఏళ్ళలో కట్టింది సుమారు 23 వేల ఇళ్ళు. హెచ్‌డీబీ మొదటి ఐదేళ్ళలోనే 54 వేలు కట్టింది. 1961 మేలో బుకిత్ హో స్వీ అనే చోట గుడిసెలన్నీ తగలబడిపోయి దాదాపు 16 వేల మంది రోడ్డున పడితే, ఏడాది తిరిగేలోపే అదే జాగాలో ఫ్లాట్లు లేపడం మొదలుపెట్టారు. 1964లో ఫ్లాట్లు అద్దెకివ్వడమే కాకుండా అమ్మడం కూడా స్టార్ట్ చేశారు, 1968 నుంచి సీపీఎఫ్ డబ్బుతో కట్టుకోవచ్చన్నారు (సీపీఎఫ్ అంటే మన పీఎఫ్ లాంటిదే, జీతంలోంచి కట్ అవుతుంది). అక్కడ్నుంచి జనం బాగా కొనడం మొదలుపెట్టారు. ఇప్పుడు పది లక్షలకు పైగా ఫ్లాట్లు, ఇక్కడి సిటిజన్లు, పీఆర్‌లలో దాదాపు నూటికి 80 మంది వీటిలోనే ఉంటున్నారు, వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఓనర్లే.

ఇదంతా ఊరికే జరగలేదు, 1966లో ల్యాండ్ అక్విజిషన్ యాక్ట్ తెచ్చి ప్రైవేట్ భూమిని మార్కెట్ రేటు కన్నా తక్కువకి ప్రభుత్వం తీసుకుంది, 1973 నాటి రేటు దగ్గర కట్టేసి చాలా ఏళ్ళు దాన్నే నష్టపరిహారానికి లెక్కగా వాడారు, పూర్తి మార్కెట్ రేటు ఇవ్వడం 2007లో గానీ మొదలవలేదు. అంటే ఈ చవక ఇళ్ళ ఖర్చులో కొంత అప్పటి భూమి ఓనర్లు మోశారు. ఇది చెప్పకుండా సింగపూర్ మోడల్ అద్భుతం అని పొగిడేవాళ్ళు చాలామంది కనిపిస్తారు, నాకది సగం కథే అనిపిస్తుంది. భూమి చేతిలో లేని ప్రభుత్వం ఎన్ని స్కీములు పెట్టినా ఇన్ని ఇళ్ళు ఇంత త్వరగా కట్టలేదు.

ఇక కొనడం గురించి. సిటిజన్లకి కొత్త ఫ్లాట్ దొరుకుతుంది, దాన్ని బీటీవో అంటారు, ముందు బుక్ చేసుకుంటే తర్వాత కడతారు. భార్యాభర్తలిద్దరూ పీఆర్ అయితే బీటీవో లేదు, గ్రాంటు లేదు, రీసేల్ మాత్రమే, అది కూడా ఇద్దరికీ పీఆర్ వచ్చి మూడేళ్ళు నిండాలి, ఈ మూడేళ్ళ రూల్ 2013లో పెట్టారు. ఇద్దరిలో ఒకరు సిటిజన్ అయితే కథ వేరు, బీటీవోకి కూడా వెళ్ళొచ్చు, పదివేల డాలర్లు ఎక్కువ కట్టాలంతే, పీఆర్ ఉన్నవాళ్ళు తర్వాత సిటిజన్ అయితే అంత మొత్తం గ్రాంటుగా తిరిగొస్తుంది.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూపిస్తా, ఎందుకంటే చాలామంది ఫ్లాట్ రేటు చూసి ఈఎంఐ లెక్కేసుకుని వచ్చేస్తారు, స్టాంప్ డ్యూటీ దగ్గర కళ్ళు తిరుగుతాయి. ఫ్లాట్ ఆరు లక్షల డాలర్లు అనుకోండి. మామూలు స్టాంప్ డ్యూటీ 12,600. దాని మీద ఏబీఎస్‌డీ అని ఇంకొకటి, పీఆర్‌లకి మొదటి ఇంటికి 5 శాతం, అంటే ఇంకో 30 వేలు. బ్యాంకు 75 శాతమే ఇస్తుంది, మిగిలిన లక్షన్నర మనదే, అందులో కనీసం 30 వేలు చేతి డబ్బు ఉండాలి, మిగతాది సీపీఎఫ్‌లోంచి తీసుకోవచ్చు. కానీ పీఆర్ వచ్చిన మొదటి రెండేళ్ళు సీపీఎఫ్ తక్కువ రేటుతో కట్ అవుతుంది కాబట్టి మూడేళ్ళకి అందులో పెద్దగా ఏం పోగవదు. హెచ్‌డీబీ సొంతంగా ఇచ్చే లోను ఉంది, 2.6 శాతం వడ్డీ, చాలా ఏళ్ళుగా కదలలేదు, అది ఇంట్లో కనీసం ఒక సిటిజన్ ఉంటేనే. మనకి బ్యాంకే దిక్కు, రేట్లు ఎటు పోతే అటు పోవాలి.

దీనికి తోడు సీవోవీ. ఓనర్ అడిగే రేటుకీ, హెచ్‌డీబీ కట్టే విలువకీ మధ్య తేడా ఎంతుంటే అంతా క్యాష్‌గా కట్టాలి, లోను రాదు, సీపీఎఫ్ పనికిరాదు. 2014కి ముందు వేల్యుయేషన్ ముందే చేతిలో పెట్టుకుని దానిమీద ఎంత అని బేరమాడేవాళ్ళట, ఇప్పుడు రేటు ఒప్పుకుని ఆప్షన్ (ఆ రేటుకి మనకే అమ్ముతానని ఓనర్ రాసిచ్చే కాగితం) తీసుకున్నాకే వేల్యుయేషన్ అడగాలి. ఆప్షన్‌కి మహా అయితే వెయ్యి డాలర్లు, ఆలోచించుకోవడానికి 21 రోజులు, వేల్యుయేషన్ తక్కువొస్తే ఆ వెయ్యి వదులుకుని బయటికొచ్చేయొచ్చు. ఈ మార్పు నాకు చాలా మంచిదనిపించింది, బేరం ఇంటి రేటు మీద జరుగుతుంది గానీ పైన ఎంత అన్నదాని మీద జరగదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన రూల్ ఎంఎస్‌ఆర్. నెల వాయిదా జీతంలో 30 శాతం దాటకూడదు, దాటితే లోనే ఇవ్వరు. మనవాళ్ళు దీన్ని తిట్టుకుంటారు, మా జీతం మా ఇష్టం అంటారు, కానీ బ్యాంకు ఎంత ఇస్తే అంత తీసుకునే అలవాటున్న చోట రేట్లు ఆ లోన్ల వెంటే పైకి పోతాయి. ఊళ్ళో అందరికీ ఒకే గీత గీస్తే అమ్మేవాడు కూడా దాన్ని దృష్టిలో పెట్టుకునే అడగాలి.

ఇక కోటా. ఇది తెలియకుండా ఫ్లాట్లు చూడ్డం మొదలుపెడితే శ్రమంతా వృథా. 1989 నుంచి ప్రతి బ్లాకుకీ, ప్రతి నైబర్‌హుడ్‌కీ జాతి లెక్కన పరిమితి ఉంది. ఇండియన్స్, ఇతరులు కలిపి నైబర్‌హుడ్‌లో 12 శాతం, బ్లాకులో 15 శాతం. అది నిండిపోతే మనం ఆ బ్లాకులో ఇంకో ఇండియన్ ఓనర్ దగ్గర మాత్రమే కొనగలం. దీని పైన పీఆర్ కుటుంబాలకి ఇంకో కోటా, మలేషియన్లు కానివాళ్ళకి నైబర్‌హుడ్‌లో 5 శాతం, బ్లాకులో 8 శాతం. రెండూ ఖాళీ ఉంటేనే ఆ ఇల్లు మనకి. హెచ్‌డీబీ సైట్‌లో బ్లాకు నంబరు కొడితే చెప్తుంది, ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది, కాబట్టి పోయిన నెల చూసిన లెక్క పట్టుకుని వెళ్ళకండి.

ఈ కోటా మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ నిజమే. ఒకటి, దీనివల్లే మా అంతస్తులో ఒక చైనీస్ ఆంటీ, ఒక మలయ్ కుటుంబం, మేము, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పీఆర్‌లు పక్కపక్కన ఉన్నాం, పిల్లలు కింద ప్లేగ్రౌండ్‌లో కలిసే పెరుగుతున్నారు. 1964లో ఇక్కడ జాతి గొడవలు జరిగాయి, మనుషులు చనిపోయారు, తర్వాత ఇరవై ఏళ్ళకి మళ్ళీ ఒక్కో జాతివాళ్ళు ఒక్కోచోట చేరిపోవడం చూసి ఇది పెట్టారు. ఊరికే వదిలేస్తే జనం తమవాళ్ళ పక్కకే చేరతారు, మనవాళ్ళు కూడా అంతే. రెండోది, అమ్మేటప్పుడు ఈ కోటా బరువు మైనారిటీల మీదే ఎక్కువ పడుతుంది. చైనీస్ కోటా నిండిన బ్లాకులో ఇండియన్ గానీ మలయ్ గానీ తన ఇల్లు చైనీస్‌వాళ్ళకి అమ్మలేరు, కొనేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే కాబట్టి రేటు తగ్గించుకోవాలి, నెలలు ఆగాలి. బాగా ఇబ్బంది పడుతున్నవాళ్ళ ఫ్లాట్లు హెచ్‌డీబీనే తిరిగి కొనే పద్ధతి 2022లో తెచ్చారు గానీ అది అరుదుగా ఇచ్చే సాయం. కలిసి ఉండటం అందరికీ లాభం అయినప్పుడు దాని నష్టం కూడా అందరూ పంచుకోవాలి, తక్కువ రేటుకి అమ్ముకున్నవాడికి ఆ తేడా ప్రభుత్వమే ఇవ్వాలి అని నా గట్టి అభిప్రాయం.

కొన్నాక ఐదేళ్ళు అమ్మకూడదు, అందులోనే ఉండాలి, దాన్ని ఎంవోపీ అంటారు. రెండో ఫ్లాట్ కొనకూడదు. పీఆర్ ఓనర్లకి ఇల్లంతా అద్దెకిచ్చే పర్మిషన్ ఆ ఐదేళ్ళ తర్వాత కూడా రాదు, పర్మిషన్ తీసుకుని గది మాత్రం ఇచ్చుకోవచ్చు. ప్రైవేట్ ఇల్లు ఉంటే దాని లెక్క చెప్పాలి, వేరే దేశంలో ఉన్నా సరే దాచకండి, 2022 సెప్టెంబర్ నుంచి ప్రైవేట్ ఇల్లు అమ్మేసినవాళ్ళు మామూలుగా 15 నెలలు ఆగి గానీ రీసేల్ కొనలేరు. మన దగ్గర ఊళ్ళో ఒక ఫ్లాట్ పడుండటం కామన్ కాబట్టి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇదంతా కలిపి చూస్తే విషయం ఒకటే, ఉండేవాళ్ళకే ఇల్లు. ఖాళీగా తాళం వేసి పెట్టుకున్న ఫ్లాట్ మా బ్లాకులో నాకు కనిపించలేదు, ఏ అంతస్తు చూసినా గుమ్మం ముందు చెప్పులుంటాయి.

ఉండటం ఎలా ఉంది అంటే, బాగుంది, నిజంగా బాగుంది. ఎల్ఆర్టీ (చిన్న లోకల్ రైలు) స్టేషన్ నడిచే దూరం, కింద కాఫీషాప్, పక్క బ్లాకులో క్లినిక్, కిండర్‌గార్టెన్, ఏం కావాలన్నా కారు అక్కర్లేదు. ఇల్లు చవకే అయినా ఊరికి దూరంగా పడేస్తే ఆ మిగిలిందంతా ప్రయాణానికే పోతుంది, హెచ్‌డీబీ గొప్పదనం నాకు గోడల్లో కన్నా ఈ టౌన్ ప్లానింగ్‌లో కనిపిస్తుంది. కింద వాయిడ్ డెక్ అని ఖాళీ జాగా ఉంటుంది, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇళ్ళు లేకుండా వదిలేస్తారు, అక్కడే మలయ్‌వాళ్ళ పెళ్ళిళ్ళు, అక్కడే చైనీస్‌వాళ్ళ అంత్యక్రియలు, సాయంత్రం ముసలివాళ్ళ చదరంగం. మా అత్తగారు వచ్చినప్పుడు భాష రాకపోయినా అక్కడే కూర్చునేది, రెండో వారానికల్లా స్నేహాలు కలిసిపోయాయి. టౌన్ కౌన్సిల్‌కి నెలనెలా కట్టేది మా సైజుకి వంద డాలర్లు దాటదు, లిఫ్టులు, ఊడవటం, కొన్నేళ్ళకోసారి బయట రంగులు అన్నీ అందులోనే. కాండోలో దీనికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది.

లోపాలు కూడా ఉన్నాయి. పై ఇంట్లో కుర్చీ జరిపినా మనకి వినిపిస్తుంది. ఇంట్లో ఒక గది బాంబు షెల్టర్ కింద కట్టారు (1990ల చివర్నుంచి కట్టినవాటిలో ఉంటుంది), మందపాటి ఇనుప తలుపు, గోడకి ఇష్టమొచ్చినట్టు మేకులు కొట్టకూడదు, మేం బియ్యం, పచ్చళ్ళు పెట్టుకునే స్టోర్ రూమ్ చేసుకున్నాం. రెనోవేషన్‌కి ప్రతి గోడకీ పర్మిషన్. కారిడార్లో మనుషులు నడవడానికి 1.2 మీటర్లు ఖాళీ ఉంచాలి కాబట్టి చెప్పుల స్టాండు, సైకిలు, తులసి కోట అన్నీ ఆ గీత లోపలే సర్దుకోవాలి. మసాలా వాసన గురించి భయపడేవాళ్ళకి చెప్తున్నా, ఇక్కడ పక్కిళ్ళలో బెలచాన్ (ఘాటు వాసనొచ్చే రొయ్యల ముద్ద) వేయిస్తారు, మన పోపు ఎవరికీ లెక్కలోకి రాదు.

ఇక అసలు పెద్ద లోపం. ఇల్లు మనది అంటాం గానీ 99 ఏళ్ళ లీజు, అయిపోతే ప్రభుత్వానికి వెనక్కి, నష్టపరిహారం ఏం లేదు. గేలాంగ్ లోరోంగ్ 3లో 191 చిన్న ఇళ్ళు ఉండేవి, అవి హెచ్‌డీబీవి కావు, ప్రైవేట్‌వి, 60 ఏళ్ళ లీజు మీద ఉండేవి, 2020 డిసెంబర్ 31న లీజు అయిపోయింది, అన్నీ తిరిగిచ్చేశారు. అది చూశాకే చాలామందికి లీజు అంటే నిజంగా లీజే అని అర్థమైంది. పాత బ్లాకుల్ని మధ్యలోనే పడగొట్టి కొత్త ఇల్లిచ్చే సెర్స్ అనే స్కీము 1995 నుంచి ఉంది గానీ అది మొత్తం ఫ్లాట్లలో నూటికి ఐదింటికి మించి రాదని ప్రభుత్వమే చెప్పింది. లీజు బాగా తగ్గిన ఫ్లాట్ కొంటే సీపీఎఫ్ కూడా పూర్తిగా వాడనివ్వరు, కొనేవాళ్ళలో చిన్నవాళ్ళకి 95 ఏళ్ళొచ్చేదాకా లీజు ఉండాలి. మరి ఇదే ఇంటిని పదవీ విరమణకి ఆస్తి అని చెప్పి ఇన్నేళ్ళు అమ్మారు కదా. రేటు పెరుగుతూ పోవాలి అంటే కొత్తవాళ్ళకి అందదు, అందుబాటులో ఉండాలి అంటే పాతవాళ్ళ ఆస్తి పెరగదు. ఈ రెండిట్లో ఒకటే తేల్చుకోవాలి, సింగపూర్ ఇప్పటిదాకా రెండూ ఇస్తానంటూ వచ్చింది. పది లక్షల డాలర్లకి మొదటి హెచ్‌డీబీ ఫ్లాట్ 2012లో అమ్ముడుపోయినప్పుడు అది పెద్ద వార్త, 2024లో అలాంటివి వెయ్యి దాటాయి.

దీనికి విరుగుడుగా 2024 అక్టోబర్ నుంచి కొత్త ఫ్లాట్లని స్టాండర్డ్, ప్లస్, ప్రైమ్ అని మూడు రకాలు చేశారు. మంచి ఏరియాల్లోవి, అంటే ప్లస్, ప్రైమ్ అయితే, ఎక్కువ సబ్సిడీ ఇస్తారు, కానీ పదేళ్ళు అమ్మకూడదు, అమ్మినప్పుడు సబ్సిడీలో కొంత వెనక్కి కట్టాలి, ఇల్లంతా అద్దెకివ్వడం ఎప్పటికీ లేదు, కొనేవాళ్ళకి కూడా ఆదాయ పరిమితి. నా లెక్క ప్రకారం ఇది ముప్పై ఏళ్ళ ముందే చేయాల్సింది. ప్రజల డబ్బుతో కట్టిన ఇంటి మీద, అది లాటరీలో మొదట దక్కినవాళ్ళకి అంత లాభం మిగలడం న్యాయం కాదు.

బీటీవో విషయంలో కూడా ఒక మాట. 1997 ఆసియా సంక్షోభం తర్వాత హెచ్‌డీబీ దగ్గర 31 వేల ఫ్లాట్లు అమ్ముడుపోక మిగిలిపోయాయి, అందుకే బుకింగ్‌లు వచ్చాకే కట్టే పద్ధతికి మారారు. ప్రభుత్వానికి రిస్క్ తగ్గింది, ఆ రిస్క్ కుర్ర జంటల మీదికి వెళ్ళింది. బుక్ చేసి మూడు నాలుగేళ్ళు ఆగాలి, కోవిడ్‌లో ఇంకా లేటైంది, అన్నాళ్ళూ అద్దెలోనో అమ్మానాన్నల దగ్గరో ఉండాలి. అద్దెల మీద ఇక్కడ ఏ కంట్రోలూ లేదు, 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం ఒకటుండేది, 2001లో తీసేశారు. 2022లో కాంట్రాక్టు రెన్యూవల్ వచ్చినవాళ్ళని అడగండి ఎలా అయిందో, మాతో సహా మా గ్రూపులో సగంమంది అప్పుడే ఇల్లు మారారు. కొన్ని వేల ఇళ్ళు ఎక్కువే కట్టి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, అవి ఉంటేనే ఇలాంటప్పుడు అద్దెలు అదుపులో ఉంటాయి.

ఇంకోటి రాయకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. ఈ బ్లాకులు కట్టే చేతుల్లో మన తెలుగువాళ్ళవీ ఉన్నాయి, వర్క్ పర్మిట్ మీద కన్‌స్ట్రక్షన్‌కి వచ్చినవాళ్ళు. వాళ్ళు హెచ్‌డీబీ కొనడం సంగతి అటుంచండి, అద్దెకుండటానికి కూడా వీల్లేదు, ఊరి అంచుల్లో డార్మిటరీలే. 2020లో కోవిడ్ ఆ డార్మిటరీల్లో ఎలా పాకిందో అందరం చూశాం, ఒక్కో గదిలో ఎంతమంది ఉంటున్నారో అప్పుడు గానీ చాలామందికి తెలియలేదు. నూటికి 80 మందికి ఇల్లిచ్చాం అనే లెక్కలో వాళ్ళు లేరు. ఇంత పద్ధతిగా ఇళ్ళు కట్టడం తెలిసిన ప్రభుత్వానికి వాళ్ళకి మంచి గదులు కట్టడం చేతకాక కాదు.

రేటింగ్ అడిగితే ఉండటానికి ఐదుకి నాలుగున్నర, ఆస్తిగా రెండు. పీఆర్ మూడేళ్ళు నిండనివాళ్ళు, ఇంకో ఐదేళ్ళు ఇక్కడే ఉంటామని గట్టిగా తెలియనివాళ్ళు అద్దెలోనే ఉండండి, పీఆర్ వదులుకుని వెళ్ళిపోతే ఫ్లాట్ ఉంచుకోవడం కుదరదు. ఒకరైనా సిటిజన్ కాబోతుంటే ఆగండి, ఏబీఎస్‌డీ మిగులుతుంది, గ్రాంటు వస్తుంది, హెచ్‌డీబీ లోను వస్తుంది. కొనేవాళ్ళు మాత్రం ముందు హెచ్‌ఎఫ్‌ఈ లెటర్‌కి (కొనే అర్హత ఉందని హెచ్‌డీబీ ఇచ్చే లెటర్) అప్లై చేయండి, అది లేకుండా ఆప్షన్ తీసుకోలేరు, తర్వాత రెండు కోటాలూ చూసుకోండి, ఆ తర్వాతే ఇల్లు చూడండి. లీజు 70 ఏళ్ళకి పైన మిగిలిన బ్లాకులు చూడండి, పెద్దవాళ్ళు వచ్చి ఉండేటట్టయితే లిఫ్ట్ మీ అంతస్తులోనే ఆగుతుందో లేదో వెళ్ళి చూసుకోండి, పాత బ్లాకులు కొన్నిట్లో ఇప్పటికీ అర అంతస్తు మెట్లెక్కాలి.